గుర్రం లేని వెస్టర్న్‌కు గిట్టల చప్పుడు: విద్యార్థుల చేతిలో డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్

వీడియో నిర్మాణం నేర్చుకుంటున్న ఐదుగురు విద్యార్థులు ఈసారి ఒక వెస్టర్న్ (కౌబాయ్) సినిమా ప్రారంభాన్ని, అంటే టైటిల్స్ పడుతుండగా నడిచే మొదటి రెండు నిమిషాలను, తమ ప్రాజెక్టుగా ఎంచుకున్నారు. కథ అనుకోవడం, తీయడం, కూర్చడం అంతా వారి బాధ్యత. పక్కన నిలబడి దారి చూపడం, వారు తప్పటడుగు వేస్తున్నప్పుడు ముందున్నది మరీ పెద్ద గొయ్యి కానంతవరకు చూసీ చూడనట్టు ఊరుకోవడం నా బాధ్యత. ఆరు వారాలు సాగిన ఈ పనికి మొదటినుంచి చివరిదాకా డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌ను, అందులోనూ 19వ వెర్షన్‌ను, మాత్రమే వాడాలని ముందే నియమం పెట్టుకున్నాం. ఆ సాఫ్ట్‌వేర్‌లోని సదుపాయాలన్నిటినీ వరుసబెట్టి చెప్పే ఉద్దేశం నాకు లేదు. అనుభవం లేని చేతులతో, మామూలు ఫోన్ కెమెరాలతో, ఒక్క గుర్రం కూడా లేకుండా వెస్టర్న్ తీయబోయే బృందానికి ఇది ఎక్కడ చేయి అందిస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, ఎక్కడ పిల్లలను పక్కదారి పట్టిస్తుంది అన్నదే ఇక్కడి విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రిజాల్వ్‌కు లోకంలో పేరు తెచ్చింది రంగులు సరిదిద్దే పని. మాకు మాత్రం అది అక్కరకొచ్చింది శబ్దం దగ్గర. ఇందులో ఒక్కో పనికీ ఒక్కో పేజీ ఉంటుంది; రంగుల పేజీ మా పనిని పది రోజులు వెనక్కి లాగింది. ఆ తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, అంత పదునైన పనిముట్టును అంత తొందరగా పిల్లల చేతికిచ్చిన నాది.

దీని పుట్టుక కొంచెం తెలిస్తే ఈ మాట అర్థమవుతుంది. డావిన్చి సిస్టమ్స్ అనే సంస్థ 1980ల నుంచి టీవీ, సినిమా రంగాలకు రంగులు సరిదిద్దే యంత్రాలు తయారు చేసేది. మన సినిమావాళ్లు డీఐ అని పిలిచే పని కోసం రిజాల్వ్ ఆ సంస్థ నుంచే 2004లో వచ్చింది. 2009లో ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఆ సంస్థను కొనుక్కున్నాక దాని స్వరూపం మారుతూ వచ్చింది. ముందు ఎడిటింగ్ కలిసింది. 2017లో వచ్చిన 14వ వెర్షన్‌లో ఫెయిర్‌లైట్ పేరుతో శబ్ద విభాగం, 2018లో వచ్చిన 15వ వెర్షన్‌లో ఫ్యూజన్ పేరుతో విజువల్ ఎఫెక్ట్స్ విభాగం లోపలికి వచ్చి చేరాయి. ఫెయిర్‌లైట్ పేరు సంగీతం తెలిసినవాళ్లకు కొత్త కాదు; 1979లోనే శాంప్లింగ్ సింథసైజర్‌ను తయారు చేసిన సంస్థ అది. ఇలా వేరువేరు ఇళ్లలో పుట్టి ఒక కప్పు కిందికి చేరిన పనిముట్లు కావడం వల్ల మీడియా, కట్, ఎడిట్, ఫ్యూజన్, కలర్, ఫెయిర్‌లైట్, డెలివర్ అనే ఏడు పేజీలకూ ఏడు స్వభావాలున్నాయి. ఒక పేజీలో అలవాటైన పద్ధతి పక్క పేజీలో పనిచేయకపోవచ్చు. మొదటి వారం విద్యార్థులు పడే తికమకకు చాలావరకు ఇదే కారణం.

ప్రణాళిక దశలో రిజాల్వ్ నుంచి ఎక్కువ ఆశించకూడదు. స్క్రిప్టు రాసుకోవడానికిగానీ, స్టోరీబోర్డు గీసుకోవడానికిగానీ, షూటింగ్ రోజుల పట్టిక వేసుకోవడానికిగానీ ఇందులో చోటు లేదు. ఆ పనులకు కాగితం, పెన్సిలే వాడాం. అయితే మేము అనుకోకుండా కనుక్కున్న ఉపయోగం ఒకటుంది. పిల్లలు ఇరవై నాలుగు బొమ్మలతో స్టోరీబోర్డు గీసి, వాటిని ఫోన్‌తో ఫొటోలు తీసి, అన్నిటినీ ఒకేసారి, క్లిప్పులను వరుసగా పేర్చే టైమ్‌లైన్ మీదికి లాగారు. రిజాల్వ్ ఒక నిశ్చల చిత్రానికి మామూలుగా ఐదు సెకన్ల నిడివి ఇస్తుంది కాబట్టి ఇరవై నాలుగు బొమ్మలూ కలిసి సరిగ్గా రెండు నిమిషాలయ్యాయి. లెక్క కుదిరిందని అందరూ సంబరపడ్డారు. ప్లే చేసి చూస్తే గోడ గడియారం కొట్టినట్టు ఐదు సెకన్లకొక బొమ్మ మారుతూ ప్రాణం లేకుండా సాగింది. వెస్టర్న్ నడక అది కాదని చెప్పాల్సిన శ్రమ నాకు తప్పింది. ఎవరూ చెప్పకుండానే ఒక అమ్మాయి మొదటి బొమ్మను పద్నాలుగు సెకన్లకు సాగదీసి, చివరి ఆరు బొమ్మలను సెకనుకు, అర సెకనుకు కత్తిరించింది. కెమెరా బయటికి తీయకముందే సినిమా లయ అక్కడ దొరికింది. బొమ్మల టైమ్‌లైన్ కిందే ఖాళీ ఆడియో ట్రాకులు కనబడుతుండటంతో మరొక అబ్బాయి నోటితో ఈదురుగాలి చప్పుడు చేసి రికార్డు చేశాడు. శబ్దం గురించిన ఆలోచన షూటింగ్‌కు ముందే మొదలవడం అన్నీ ఒకే చోట ఉండే సాఫ్ట్‌వేర్ వల్ల కలిగిన మేలు. ఎడిటింగ్‌కు ఒకటి, శబ్దానికి మరొకటి వాడి ఉంటే ఆ ఊహ నెల రోజుల తరువాత వచ్చేది.

కథ చాలా చిన్నది. పాడుబడిన రాతి క్వారీ అంచున ఒక కొట్టం. దాని ముందు కూర్చుని ఒక మనిషి తెగిన బూటు పట్టీని ఆరెతో కుట్టుకుంటుంటాడు. దూరం నుంచి గుర్రం గిట్టల చప్పుడు దగ్గరవుతుంది. అతను తల ఎత్తడు, చేతిలో దారం మాత్రం ఆగుతుంది. ఫ్రేము బయటినుంచి ఒక పగ్గం వచ్చి కంచె గుంజ మీద పడుతుంది, బూటు మీద టోపీ నీడ పడుతుంది, తుపాకీ పేలుతుంది, టైటిల్ పడుతుంది. గుర్రం ఎక్కడా కనబడదు, ఎందుకంటే మా దగ్గర లేదు. లేని గుర్రాన్ని ఉన్నట్టు నమ్మించాల్సిన భారమంతా చెవి మీద పడింది.

వెస్టర్న్ సినిమాల్లో శబ్దానికి ఉన్న స్థానం ఏమిటో చూపడానికి సెర్జియో లియోనే 1968లో తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' మొదటి పది నిమిషాలు వారికి రెండుసార్లు వేసి చూపించాను, రెండోసారి తెర కట్టేసి. ముగ్గురు సాయుధులు రైలు కోసం స్టేషనులో ఎదురుచూస్తుంటారు, సంగీతం ఉండదు, గాలిమర కీచుమంటుంది, నీటి చుక్క టోపీ మీద పడుతుంది, ఈగ ముసురుతుంది. బొమ్మ లేకపోయినా సన్నివేశం పూర్తిగా తెలిసిపోయింది. దాన్ని అనుకరించవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. అయినా మొదటి స్టోరీబోర్డులో ఒక ఈగ వచ్చి వాలింది. దాన్ని తోలడానికి ఒక పూట పట్టింది.

షూటింగ్ సమయంలో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పనేముందని అనిపించవచ్చు. కానీ రిజాల్వ్‌లో ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది, మొదటే నిర్ణయించుకోవాలి. క్లిప్పులను పోగుచేసే మీడియా పూల్‌లోకి అవి చేరాక ఆ సంఖ్య బిగుసుకుపోతుంది. మేము 25 అని ఖాయం చేసుకుని, ఫోన్లలోనూ అదే పెట్టుకుని, షట్టర్‌ను సెకనులో 50వ వంతు దగ్గర ఉంచాం. ఆ షట్టర్‌తో పట్టపగటి ఎండ లెన్సులోకి వరదలా వస్తుంది కాబట్టి వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేనిదే పని జరగదు. ఇంత జాగ్రత్తపడినా ఒక చిక్కు తప్పలేదు. చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని మాటిచ్చి, వెలుతురునుబట్టి, వేడినిబట్టి ఆ సంఖ్యను అటూ ఇటూ చేస్తుంటాయి. అలాంటి క్లిప్పును టైమ్‌లైన్ మీద వేస్తే మొదట్లో బొమ్మ, శబ్దం కలిసే నడుస్తాయి, నిమిషం గడిచేసరికి ఒకదాని వెనక ఒకటి ఈడుస్తుంటాయి. ఆరె తోలులో దిగిన తరువాత చప్పుడు రావడం చూసి పిల్లలు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నారు. తప్పు ఫోను పద్ధతిలో ఉంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాధనంతో క్లిప్పులన్నిటినీ స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చి మళ్లీ వేశాక ఆ బాధ పోయింది. ఫోన్లతో తీసేవాళ్లు ఈ పని దిగుమతికి ముందే చేసుకోవడం మంచిది.

వేరే రికార్డర్‌లో పట్టిన శబ్దాన్ని ఫోను బొమ్మతో కలపడం మాత్రం అనుకున్నదానికంటే తేలికగా జరిగింది. క్లిప్పులను ఎంచుకుని శబ్ద తరంగాల ఆధారంగా కలపమని అడిగితే రిజాల్వ్ తనంతట తాను జతలు కట్టింది. క్లాప్ కొట్టడం మరిచిపోయిన రెండు టేకులు కూడా కలిశాయి. ఈ విషయం నేను విద్యార్థులకు చెప్పలేదు. చెబితే మళ్లీ క్లాప్ కొట్టరు.

ఏ సాఫ్ట్‌వేరూ తీర్చలేని సమస్య టోపీ. వెడల్పాటి అంచు ఉన్న టోపీ పెట్టుకుని ఎండలో నిలబడితే కళ్లు నల్లటి గుంటలవుతాయి. వెస్టర్న్‌లో కళ్లు కనబడకపోతే దగ్గరి షాట్‌కు అర్థమే లేదు. మొదటి రోజు తీసిన దగ్గరి షాట్లను కలర్ పేజీలో ఎంత పైకి లేపినా నీడలోంచి కళ్లకు బదులు గరుకు గరుకుగా చుక్కలు బయటికొచ్చాయి. ఆ చుక్కలను తుడిచే నాయిస్ రిడక్షన్ ఉచిత వెర్షన్‌లో పనిచేయదు, డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. రెండో రోజు నటుడి కాళ్ల దగ్గర, ఫ్రేముకు కిందుగా, తెల్లటి థర్మాకోల్ అట్టను ఏటవాలుగా పెట్టాం. వెలుగు కిందినుంచి మీదికి కొట్టి కళ్లలో రెండు చిన్న మెరుపులు కనబడ్డాయి. డబ్బు కట్టి కొనే సదుపాయం చేయాల్సిన పనిని ఒక అట్టముక్క చేసిపెట్టింది.

ఎడిట్ పేజీ గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. జె, కె, ఎల్ మీటలతో వెనక్కీ ముందుకూ పరుగెత్తించడం, ట్రిమ్ పద్ధతిలో ఒక కట్‌ను ఫ్రేము ఫ్రేముగా జరపడం పిల్లలకు రెండు రోజుల్లో చేతికొచ్చాయి. ఇక్కడ మా తప్పొకటి బయటపడింది. ఎదురెదురుగా ఉండాల్సిన ఇద్దరూ రెండు దగ్గరి షాట్లలో ఒకే వైపు, కుడివైపు, చూస్తున్నారు. ఇద్దరినీ కలిపే ఊహారేఖను కెమెరా దాటిపోయిందని షూటింగ్‌లో ఎవరూ గమనించలేదు. క్లిప్పు అమరికలు మార్చే ఇన్‌స్పెక్టర్‌లో ఒక మీట నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుందని తెలిసి ఒకరు ఆ పని చేశారు. చూపులు కలిశాయి, సమస్య తీరిందని అందరూ లేచారు. ఒక్క నిమిషం ఆగి చూస్తే, అంతకుముందు షాట్‌లో కుడి తొడ మీదున్న తుపాకీ ఒర ఇప్పుడు ఎడమ తొడ మీదికొచ్చింది. మనిషిని తొడల దాకా ఫ్రేములో ఉంచి తీసే పద్ధతికి అమెరికన్ షాట్ అనే పేరుంది, వెస్టర్న్ సినిమాలు దాన్ని అంతగా వాడుకున్నది ఆ ఒర కనబడటం కోసమేనంటారు. కనబడాల్సిందే తిరగబడితే ఇక దాచేదేముంది? ఆ షాట్ మళ్లీ తీశాం.

రిజాల్వ్ ప్రాజెక్టులను దాచే తీరు విద్యార్థులకు ముందే వివరించాలి. ప్రాజెక్టు డెస్క్‌టాప్ మీద ఒక ఫైలుగా కనబడదు, సాఫ్ట్‌వేర్ లోపలి ప్రాజెక్టు లైబ్రరీలో ఉంటుంది. వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్లాలంటే దాన్ని విడిగా ఎగుమతి చేసుకోవాలి; క్లిప్పులతో సహా కావాలంటే ప్రాజెక్టు ఆర్కైవ్ చేసుకోవాలి. మావాళ్లు వీడియో ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ధీమాగా వెళ్లారు, అవతలి ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టే లేదు. మరునాడు ప్రాజెక్టును ఎగుమతి చేసుకుని వెళ్లారు, ఈసారి ఫోల్డరు వేరే చోట ఉండటంతో టైమ్‌లైన్ నిండా ఎర్రటి 'మీడియా ఆఫ్‌లైన్' పలకలు దర్శనమిచ్చాయి. తిరిగి లింకు చేయడం రెండు నిమిషాల పని. అది తెలిసేలోపు ఒకరి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక ఫెయిర్‌లైట్. మా రెండు నిమిషాలలో మాటలు లేవు, సంగీతం చివరి పదకొండు సెకన్లలోనే ఉంది. తక్కిన సమయమంతా గాలి, తోలు, దారం, ఇనుము, గిట్టలు. గిట్టల కోసం పిల్లలు పాతకాలపు పద్ధతినే పట్టారు: రెండు కొబ్బరి చిప్పలు, ఒక వెడల్పాటి పళ్లెంలో మట్టి, కొంచెం గులకరాయి. ఫెయిర్‌లైట్‌లో ఒక ట్రాకును రికార్డింగుకు సిద్ధం చేసి, తెర మీద బొమ్మ నడుస్తుండగా దానికి తగ్గట్టు చప్పుడు చేస్తూ నేరుగా టైమ్‌లైన్ మీదికే పట్టవచ్చు. మొదటి టేకు టక్-టక్, టక్-టక్ అని చక్కటి తాళంతో వచ్చింది. విన్న ప్రతివాళ్లకూ ఎక్కడో తేడాగా ఉందనిపించింది కానీ ఏమిటో చెప్పలేకపోయారు. గుర్రం మామూలుగా నడిచేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకదాని తరువాత ఒకటి విడివిడిగా నేలను తాకుతాయి, నాలుగు దెబ్బలు వినబడతాయి. దుడుకు నడకలో ఐమూలగా ఉన్న కాళ్లు (ముందు కుడికాలు, వెనక ఎడమకాలు) జతగా పడతాయి కాబట్టి రెండే దెబ్బలు. దౌడుకు ముందరి పరుగులో మూడు. మావాళ్లు రికార్డు చేసింది రెండు దెబ్బల నడక. పోట్లాటకు తీరిగ్గా వచ్చే మనిషి గుర్రం అలా తొందరపడదు. నాలుగు దెబ్బలతో మళ్లీ పట్టి, మూడో దెబ్బను కావాలని కొంచెం బరువుగా వేశాక గుర్రం నిజంగా వచ్చింది. ఆ క్షణాన గదిలో ఒకరు తలుపు వైపు తిరిగి చూశారు.

గుర్రం బుసకు ఒక అబ్బాయి పెదవులు ఆడించి చేసిన శబ్దాన్ని శ్రుతిలో నాలుగు సెమిటోన్లు (అర స్వరాలు) కిందికి దించాం. మడమకు కట్టే స్పర్స్ మోతకు తాళంచెవుల గుత్తి, తోలు కిర్రుమనడానికి పాత నడుంపట్టీ సరిపోయాయి. ఒక్కో ట్రాకుకూ స్వరపు హెచ్చుతగ్గులు దిద్దే ఈక్వలైజర్, గట్టి చప్పుళ్లను అదుపుచేసే కంప్రెసర్ మిక్సర్‌లోనే ఉంటాయి. అవి ఉచిత వెర్షన్‌లోనూ ఉండటం చిన్న విషయం కాదు. బ్లాక్‌మ్యాజిక్ వాళ్లే ఉచితంగా ఇచ్చే ఐదు వందల శబ్దాల లైబ్రరీ కూడా ఉంది. దాన్ని మేము దించుకున్నాం కానీ చాలా తక్కువ వాడాం. తాము చేసిన చప్పుడు తెరమీద మరొకటిగా మారడం చూశాక పిల్లలకు రెడీమేడ్ శబ్దాల మీద మోజు పోయింది.

నిశ్శబ్దం దగ్గర మాత్రం బోల్తా పడ్డారు. దారం ఆగే క్షణంలో ఉలికిపాటు కోసం అన్ని ట్రాకుల్లోనూ శబ్దాన్ని పూర్తిగా కోసేశారు. ఫలితంగా స్పీకర్ పాడైపోయినట్టు అనిపించింది. ఏ చోటయినా దానిదంటూ ఒక సన్నని ఊపిరి ఉంటుంది. దాన్ని షూటింగ్ అయిపోయాక అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషంపాటు పట్టుకోవాలి. మేము పట్టుకున్నాం కాబట్టి బతికాం. కోసిన చోట ఆ క్వారీ గాలిని పరిచి, దాని మీద గిట్టల చప్పుడును మాత్రమే ఆపితే అసలైన నిశ్శబ్దం వినబడింది. అలాగే గిట్టల చప్పుడును దారం ఆగే బొమ్మకంటే తొమ్మిది సెకన్లు ముందే మొదలుపెట్టాం. ప్రేక్షకుడు బూటు కుట్టే మనిషి కంటే ముందు వింటాడు, అతను విన్నాడా లేదా అని అతని చేతులను చూస్తాడు. ట్రాకులను జరుపుతూ ఈ తొమ్మిదిని ఏడు చేసి, పన్నెండు చేసి, మళ్లీ తొమ్మిదికి రావడానికి పట్టిన సాయంత్రమే నా దృష్టిలో ఈ మొత్తం ప్రాజెక్టులో వారు ఎక్కువ నేర్చుకున్న సాయంత్రం.

తుపాకీ విషయంలో మాది ఒకటే మాట: సెట్‌లో ఏదీ పేలకూడదు. 2021 అక్టోబరులో అమెరికాలోని న్యూ మెక్సికోలో ఒక వెస్టర్న్ చిత్రీకరణలో తుపాకీ పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించిన తరువాత ఈ విషయంలో బేరాలు లేవు. మా దగ్గరున్నది పేలే గుణమే లేని బొమ్మ తుపాకీ. దాన్ని కూడా బయట తీసేటప్పుడు పోలీసులకు ముందుగా చెప్పాం. నిప్పు మెరుపును ఫ్యూజన్ పేజీలో ఒకే ఒక్క ఫ్రేములో, అంటే సెకనులో 25వ వంతు, పెట్టాం. రెండు ఫ్రేములుంచితే అదేదో దీపం వెలిగినట్టుంది. ఫ్యూజన్ నాకు పూర్తిగా లొంగని పేజీ, విద్యార్థులకు మరీను. ఆ ఒక్క ఫ్రేము కోసం ఒక పూటంతా పోయింది. చప్పుడును మూడు పొరలుగా కట్టాం: లావుపాటి పుస్తకం నేలకు కొట్టిన మోత, ఎండుకొమ్మ విరిచిన పదును, ఆపైన ప్రతిధ్వని. ఆ ప్రతిధ్వనిని ఎంత ఆలస్యంగా వేయాలన్న ప్రశ్నకు జవాబు క్వారీయే ఇచ్చింది. ఎదుటి రాతిగోడ దాదాపు 85 మీటర్ల దూరంలో ఉంది, శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, పోయి రావడానికి అర సెకను, మా లెక్కలో సుమారు పన్నెండు ఫ్రేములు. అక్కడ పెట్టగానే కుదిరింది.

కలర్ పేజీ సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష అన్యాయమవుతుంది. మార్పులను అంచెలుగా కట్టే నోడ్లు, రంగులు దిద్దే కర్వులు, వాటిని కొలిచే స్కోపులు, ముఖాన్ని వెంబడించే ట్రాకర్ అన్నీ ఉచితంగానే ఉన్నాయి. డీఐ గదుల్లో నిపుణులు వాడే పేజీ ఇదే. ఆ హోదాయే మాకు చేటు చేసింది. వెస్టర్న్ అంటే నారింజ రంగు అని ఎక్కడ చదివారో, రెడీమేడ్ లట్ (రంగులను ఒక్కసారిగా మార్చే ఫైలు) ఒకటి తెచ్చి అన్ని షాట్ల మీదా పులిమారు. మట్టి, గోడ, ముఖం అన్నీ కాల్చిన ఇటుకలయ్యాయి. మరునాడు ఇంకొకటి, ఆ మరునాడు మరొకటి. కట్ పూర్తి కాని సినిమాకు పది రోజులు మేకప్ జరిగింది. చివరికి అన్నీ తీసేసి, ఒకే ఒక్క పని చేయనిచ్చాను. క్వారీ అంచున వానకు మొలిచిన పచ్చటి కలుపుమొక్కలు ఎడారి భ్రమను చెడగొడుతున్నాయి. ఒక రంగును మరో రంగుగా మార్చే హ్యూ వర్సెస్ హ్యూ కర్వులో ఆ పచ్చను పట్టుకుని ఎండుగడ్డి వైపు జరిపితే మొక్కలన్నీ ఒక్కసారిగా వాడిపోయాయి. రంగులను కొలిచి చూపే వెక్టర్‌స్కోప్‌లో చర్మపు రంగు గీత మీద ముఖం నిలబడిందో లేదో చూసుకోవడం మినహా ఇంకేమీ చేయలేదు. అది చాలింది.

టైటిల్స్‌కు టెక్స్ట్ ప్లస్ సరిపోతుంది. వాంటెడ్ పోస్టర్లను తలపించే లావుపాటి పాదాల అక్షరాల కోసం గూగుల్ ఫాంట్స్‌లో దొరికే 'రై' అనే ఉచిత ఫాంటు వాడాం. వెడల్పాటి తెర రూపం కోసం పైనా కిందా నల్లపట్టీలు గీసుకోనక్కరలేదు. టైమ్‌లైన్ మెనూలో అవుట్‌పుట్ బ్లాంకింగ్ కింద 2.39 (ఎత్తుకు ఎన్ని రెట్లు వెడల్పో చెప్పే సంఖ్య) ఎంచుకుంటే చాలు. కాకపోతే ఆ పని షూటింగ్‌కు ముందే తెలిసి ఉండాలి, లేకపోతే టోపీలు తెగుతాయి. మావి రెండు తెగాయి.

లోపాలలో మొదటిది బరువు. విండోస్ కంప్యూటర్లలో 16 జీబీ ర్యామ్ ఉండాలని, ఫ్యూజన్ వాడితే 32 ఉండాలని తయారీదారులే చెబుతారు. మా రెండు ల్యాప్‌టాప్‌లలో 8 జీబీ ఉన్నదాని మీద పని చేయడం ఎద్దులబండిని ఎత్తు మీదికి తోలడమే. ప్రాక్సీలు, అంటే క్లిప్పులకు తేలికపాటి నకళ్లు, తయారు చేసుకున్నాక ఎడిట్ పేజీ వరకు నడిచింది, ఆపైన నడవలేదు. అలాంటి యంత్రం ఒక్కటే ఉన్న బృందానికి షాట్‌కట్, కేడెన్‌లైవ్ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఒకదాన్ని సూచిస్తాను. శబ్దం దగ్గర కొంత కష్టపడతారు కానీ పని ఆగదు. లినక్స్ వాడేవారికి మరో మెలిక ఉంది: ఫోన్లు సాధారణంగా తీసే హెచ్.264 వీడియోను ఉచిత వెర్షన్ అక్కడ తెరవదు, ముందుగా మార్చుకోవాలి. స్టూడియో వెర్షన్‌కు మాత్రమే చెందిన ఎఫెక్టులను ఉచిత వెర్షన్ మెనూల్లోనూ చూపిస్తుంది. వేసుకుంటే బొమ్మ మీద వాటర్‌మార్కు పడుతుంది. మేము మనసు పడిన, పాత ఫిల్మ్ గరుకుదనాన్ని తెచ్చే ఫిల్మ్ గ్రెయిన్ అలాంటిదే. దాని బదులు గ్రెయిన్ ఉన్న ఒక క్లిప్పును పై ట్రాకులో వేసి ఓవర్‌లే చేసుకున్నాం. తేడా నాకు తెలుస్తుంది, పిల్లలకు తెలియలేదు. వాటి జోలికి పోకపోతే ఎగుమతిలో ఏ ముద్రా ఉండదు. 4కె యూహెచ్‌డీ వరకు, సెకనుకు 60 ఫ్రేముల వరకు అనుమతి ఉంది, ఇంత చిన్న పనికి అంతకు మించి అవసరం రాదు. పైగా స్టూడియో వెర్షన్ కొనుక్కోవాలనుకున్నా అది నెలనెలా కట్టే బాకీ కాదు, ఒకసారి చెల్లిస్తే అయిపోతుంది.

వచ్చే బృందానికి కూడా దీన్నే వాడతాను, కానీ ఒక మార్పుతో. వర్క్‌స్పేస్ మెనూలో ఏ పేజీలు కనబడాలో ఎంచుకునే వీలుంది. మొదటి నాలుగు వారాలు కలర్ అన్న పేరు ముందున్న టిక్కు తీసేసి ఉంచుతాను. కొబ్బరి చిప్పలు, మట్టి పళ్లెం మాత్రం మొదటి రోజే బల్ల మీద పెడతాను.